ఇంటి దుమ్ము

“బాగుండావా?” అని అడిగితే “బాగుండా” అంటోంది. ఆపైన ఒక్క ముక్క మాట్లాడటం లేదు. ఇలాంటివాళ్లతో వేగడం ఎంత కష్టమో, ఇంట్లో అలాంటి మనిషి ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

నేను చెబుతున్నది మనిషి సంగతి కాదు లెండి. కోట్ల మైళ్ల దూరంలో, వేగుచుక్క అనే మా వ్యోమనౌక ముందు భాగాన చాపలా పరిచి ఉన్న ఒక పొర సంగతి. కాగితాల మీద దానికి బారెడు పేరుంది. అనంతపురం శివార్లలో ఉన్న మా పరిశోధనశాలలో మాత్రం అందరం దాన్ని తోలు అనే పిలుస్తాం. ఆ తోలు ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండటం నా ఉద్యోగం. నా పేరు ఇమాంబి. నోరు కాస్త పెద్దదని మావాళ్లంటారు. నేను కాదనను.

తోలు చేసే పని చిన్నదే. అంతరిక్షంలో ఎగిరే ధూళి రేణువు వచ్చి తగిలితే, ఆ దెబ్బకు తోలులో సన్నటి విద్యుత్తు పుడుతుంది. “తగిలింది” అని మాకు కబురొస్తుంది. ఇలాంటి పొరలు మాకంటే ముందు చాలామంది చేశారు. కాకపోతే అవి కొన్ని దెబ్బలు తినేసరికి జల్లెడ అయిపోయేవి. మా తోలు అలా కాదు. చిల్లు పడిన చోట తనంతట తానే కూడుకుంటుంది, ఒంటి మీద గాయం మానినట్టే. దాన్ని కనిపెట్టినవాడు కుళ్లాయప్ప. ఆయన మా ఆయన.

ఆ తోలు కోసం ఆయన తన ఊపిరితిత్తులు ఇచ్చాడు. మాటవరసకు అనడం లేదు. రేణువులను తూటాల్లా వదిలే యంత్రం మా దగ్గర ఒకటి ఉంది. దాన్ని ధూళి తుపాకి అంటాం. దాని గదిలో ఏళ్ల తరబడి నిలబడి పొర మీద పొర పరీక్షించాడు. మాస్కు కట్టుకోవయ్యా అంటే, కట్టుకుంటే కళ్లజోడుకు ఆవిరి పడుతోంది, మీటరు సూది కనబడదు అనేవాడు. ఇప్పుడు మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగిపోయి, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటిస్తాడు.

వేగుచుక్క వెళ్లేది ఒక తోకచుక్క దగ్గరికి. దారిలో ఒక గ్రహశకలం ఉంది. పెద్ద బండరాయిని మా సీమలో గుండు అంటాం కాబట్టి దాని పేరూ గుండు అయిపోయింది. తోకచుక్క దగ్గర చేయాల్సిన పనులన్నీ ఈ గుండు పక్కనుంచి పోయేటప్పుడు ఒకసారి చేసి చూసుకోవాలని ఏర్పాటు. ఏ పరికరం బాగుంది, ఏది మూలబడింది అని తేల్చుకునేది ఇక్కడే. బయల్దేరినప్పటి నుంచి తోలు ఒక్క రేణువునూ లెక్కపెట్టలేదు. అంతరిక్షమంటే ఖాళీయే కదా అని ఎవరమూ పట్టించుకోలేదు.

ఆ ఉదయం కంట్రోలు రూములో, కెమెరా పని చూసే తిప్పేస్వామి నన్ను కేకేశాడు.

“అక్కా, ఇట్ల రా. గుండు సుట్టూ ఏముండాదో సూడు.”

తెర మీద గుండు ఇంకా బఠానీ గింజంతే ఉంది. దాని చుట్టూ మాత్రం, గాలికి లేచిన ముగ్గుపిండిలా సన్నటి తెల్లటి మసక. అదంతా గుండు మీద నుంచి లేచిన దుమ్ము. వేగుచుక్క అప్పటికే ఆ మసక అంచులోకి వచ్చేసింది.

మా మిషన్ డైరెక్టరు సుభద్ర గారు వెనక నుంచి వచ్చి నిలబడ్డారు. గోదావరి జిల్లా మనిషి. గొంతు పెంచరు గానీ మాట సూటిగా తగులుతుంది.

“ఇమాంబీ, నీ తోలు ఏమంటోందమ్మా?”

“బాగున్నానంటోంది మేడం.” పరీక్ష కోసం పంపిన కరెంటు తోలంతా తిరిగి చక్కగా వెనక్కి వచ్చింది. అంటే తీగ తెగలేదు, పొర చిరగలేదు.

“మరి దుమ్మో?”

“సున్నా.”

“దుమ్ములో నిలబెట్టి అడిగినా లేదంటోందంటే, అది బాగున్నట్టా, బాగోనట్టా?” అన్నారావిడ. “సూర్యుడికి దూరం పోయేకొద్దీ మనకి కరెంటు తగ్గిపోతోంది కదమ్మా. పని చేయని దాన్ని వెచ్చగా ఉంచుకుంటూ ఎన్నాళ్లు పోతాం? రేపు సాయంత్రం గుండుని దాటతాం. ఆలోగా అది ప్రాణంతో ఉందని చూపించు. లేదంటే ఆపేద్దాం.”

ఆపేయడమంటే ఇంట్లో ఫ్యాను ఆపినట్టు కాదు. కింద హీటరు ఆగిపోతే ఆ చలికి తోలు పెళుసెక్కి అద్దంలా పగిలిపోతుంది. మళ్లీ వేసుకోవడమంటూ ఉండదు. తోలు చెప్పే మాట నమ్ముకుని తోకచుక్క దగ్గరదాకా పోదామనుకున్న నౌక, అప్పుడు భయపడి దూరం నుంచే తప్పుకోవాలి. అన్నిటికంటే, ఆ కబురు ఇంటికి పోయి కుళ్లాయప్పకు నేను చెప్పాలి. అంత దుమ్ము మింగి ఆయన సంపాదించుకున్నది ఆ తోలొక్కటే.

“సరే మేడం,” అన్నాను గానీ లోపల ఒళ్లు మండిపోతోంది. ఆవిడ మీద కాదు, తోలు మీద. ఎదురుగా ఉంటే కడిగిపారేసేదాన్ని.

మధ్యాహ్నం ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోవాల్సి ఉంది. ఇల్లు చేరేసరికి కుళ్లాయప్ప చొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆషాఢం గాలికి వీధంతా దుమ్ము లేస్తోంది. పొద్దున ఊడ్చిన అరుగు మీద అప్పుడే వేలితో పేరు రాసేంత పేరుకుంది. మా ఊళ్లో అదేం వింత కాదు. కంచాలు బోర్లించి పెట్టుకోవడం, వడ్డించే ముందు తిప్పి కొంగుతో ఒకసారి తుడవడం, ఇవన్నీ మా చేతులు వాటంతటవే చేసుకుపోయే పనులు.

“తోలు పలకలేదా?” అన్నాడు నన్ను చూడగానే.

“నీకెవురు చెప్పినారు?”

“నువ్వు చెప్పులు అట్ల ఇసిరేస్తే ఇంగ వేరే ఒకరు చెప్పల్లనా?”

ఆటోలో సంగతంతా చెప్పాను. దారి పొడుగునా ఆయన బయటికే చూస్తూ కూర్చున్నాడు. చివరికి, “సచ్చిపోయింటే పరీక్ష కరెంటు తిరిగి రాదు. బతికుంటే దుమ్ము సంగతి చెప్పల్ల. రెండూ కాకుండా ఇదేందో,” అన్నాడు.

డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగి అడగడం మొదలుపెట్టింది. ఆకలి, నిద్ర, ఆయాసం అన్నీ అయ్యాయి.

“దగ్గుందా?”

“లేదమ్మా,” అన్నాడు కుళ్లాయప్ప. అని, దగ్గాడు. రెండు చేతులూ మోకాళ్లకు ఆనించుకుని, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా దగ్గాడు.

“మరి ఇదేమిటండీ?”

“ఇదా? ఇది దగ్గు గాదమ్మా. ఇంటి దుమ్ము. మా నాయిన దూది ఏకేవాడు, ఆయనకూ ఉన్నింది. మా ఇండ్లల్లో అందరికీ ఉంటాది.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “ఏమయ్యా, నీకేమన్నా తిక్కనా? దగ్గుతానే దగ్గు లేదంటావా? అంత చదువు చదివి, డాక్టరమ్మ ముందర కూచోని...” అని అందుకున్నాను. సగంలో నోరు ఆగిపోయింది. నా నోరు దానంతటది ఆగడం అరుదు. కుళ్లాయప్ప భయపడి నా చేయి పట్టుకున్నాడు.

“ఏమైంది ఇమాంబీ?”

“ఇంటి దుమ్ము,” అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. చూస్తూ చూస్తూ కళ్లు పెద్దవి చేశాడు. ఇన్నేళ్లు ఒకే చోట పని చేసిన మనుషులం, మాకు విడమర్చి చెప్పుకోవాల్సిన పని లేదు. మీకు మాత్రం చెప్పాలి.

తోలును పరీక్షించేటప్పుడు తుపాకిలో వేసేది విదేశాల నుంచి తెప్పించిన లోహపు రేణువులు. అన్నీ గుండ్రంగా, ఒకే కొలతలో, చూడముచ్చటగా ఉంటాయి. అసలైన దుమ్మంటే అదీ అని మా అందరి లెక్క. అయితే అనంతపురం గాలి ఊరుకుంటుందా? ఎన్ని తలుపులు బిగించినా, ఎన్ని వడపోతలు పెట్టినా, మా ఊరి రాతి దుమ్ము తుపాకి గొట్టంలోకి దూరిపోయేది. లోహపు రేణువులతో పాటు అదీ పోయి తోలుకు తగిలేది. లెక్కలు తప్పేవి. అందరికీ విసుగొచ్చింది. రాతి దుమ్ము తగిలితే లెక్కలోకి తీసుకోవద్దని, తోలు పంపే కబుర్లు లెక్కగట్టే పక్క పెట్టెకు కుళ్లాయప్ప ఒక పాఠం నేర్పాడు. ఆ పాఠానికి మేం పెట్టుకున్న పేరే ఇంటి దుమ్ము. నౌక ఎగిరే ముందు పెట్టెలో నుంచి దాన్ని శుభ్రంగా చెరిపేశాం కూడా.

పెట్టె మరిచిపోయింది. తోలు మరిచిపోయిందో లేదో ఎవరు చూశారు?

“నేను చెప్పేది మీరిద్దరూ వింటున్నారా?” అంది డాక్టరమ్మ. వినక తప్పలేదు. ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతిపొడి ఇక బయటికి రాదట. పాడైన భాగం మళ్లీ బాగుపడదట. మిగిలినదాన్ని కాపాడుకోవడమే దారి. ఆ తుపాకి గదిలో ఇక అడుగు పెట్టకూడదు. కుళ్లాయప్ప బడిపిల్లాడిలా “సరేమ్మా” అన్నాడు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. అక్కడే ఏడిస్తే ఆయన నన్ను ఓదార్చడం మొదలుపెడతాడు. అందుకని మందుల చీటీ తీసుకుని గబగబా బయటికి నడిచాను.

ఇంటికి కాదు, నేరుగా పరిశోధనశాలకే పోయాం. నౌకలోకి తోలును కత్తిరించినప్పుడు మిగిలిన ముక్కలు రెండు బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఒకే పొర కాబట్టి, ఆ తోలు తిన్న దెబ్బలన్నీ ఇవీ తిన్నాయి.

తుపాకి గది దగ్గర కుళ్లాయప్ప అలవాటు చొప్పున గడియ మీద చేయి వేశాడు.

“చెయ్యి తియ్,” అన్నాను.

“ఒక్క నిమిషమే. గొట్టం సరింగా పెట్టేది నీకు రాదు.”

“రాకపోతే నేర్చుకుంటా. నువ్వు ఆ అద్దం అవతల కూచో. లోపలికొచ్చినావంటే తుపాకి నీ మీదికే తిప్పుతా.”

ఆయన పోయి కూర్చున్నాడు. మాస్కు కట్టుకుని నేను లోపలికి వెళ్లాను. అద్దం అవతల నుంచి మైకులో ఆయన చెబుతుంటే గొట్టం బిగించి, ముందు విదేశీ లోహపు రేణువులు వదిలాను. సూది చివ్వున లేచింది. తర్వాత కిటికీ అంచు మీద వేలితో ఒక గీత గీశాను. కావలసినంత దుమ్ము వచ్చింది. దాన్ని గొట్టంలో వేసి వదిలాను.

సూది కదల్లేదు.

మళ్లీ వదిలాను. రాయి వచ్చి తగులుతున్నా తోలుకు చీమ కుట్టినట్టయినా లేదు. ఎప్పుడూ దెబ్బ తినని కొత్త పొర ఒకటి తెచ్చి పెట్టి అదే కిటికీ దుమ్ము వదిలితే, సూది పైదాకా ఎగిరింది.

అయితే ఇదీ సంగతి. దెబ్బ తిన్న చోట మానేటప్పుడు తోలు ఆ దెబ్బకు తగ్గట్టు గట్టిపడుతోంది. లోహపు రేణువులను మేం లెక్కపెట్టి కొన్నే వదిలేవాళ్లం; పిలవకుండా వచ్చే రాతి దుమ్ము మాత్రం వేలసార్లు తగిలేసరికి, అది దెబ్బే కాదనుకుంది. గుండు మీద నుంచి లేచేదీ రాతి దుమ్మే. పుట్టినప్పటి నుంచి చూసిన దుమ్ము కదా అని మా తోలు నోరు మెదపడం లేదు.

అద్దం వైపు భయంభయంగా చూశాను. ఇన్నేళ్ల కష్టం ఇలా అయిందని ఆయన కుప్పకూలిపోతాడేమో అనుకున్నాను. కుళ్లాయప్ప లేచి నిలబడి అద్దానికి ముక్కు ఆనించి ఉన్నాడు.

“సూసినావా ఇమాంబీ! ఎవురూ నేర్పకుండానే నేర్చుకున్యాది! పెట్టెకు నేను పాఠం చెప్తాంటే, ఇది పక్కన పండుకోని ఇన్యాది!” బిడ్డ బడిలో బహుమతి తెచ్చుకున్నట్టు మురిసిపోతున్నాడు.

“మురిసింది చాలు గానీ, మరిపించేదెట్లో చెప్పు.”

“కాంచల్ల,” అన్నాడు వెంటనే. తోలును మొదట తయారు చేసేది వేడి మీదే. మళ్లీ వేడి చేస్తే మానిన మచ్చలన్నీ మెత్తబడి మొదటికి వస్తాయని ఆయన లెక్క. మొదటి ముక్కను కొలిమి పెట్టెలో పెట్టి తొందరపడి వేడి పెంచాను. కళ్లముందే అది అప్పడంలా చుట్టుకుపోయింది.

“అన్నం దమ్ము పెట్టినట్టు పెట్టల్లమ్మా. నువ్వు దోసె పోసినట్టు పోస్తివి,” అన్నాడు మైకులో.

రెండో ముక్కను ఆయన చెప్పినట్టే సన్నటి వేడి మీద పెట్టి, అలాగే నిదానంగా చల్లారనిచ్చాను. ఆ సేపంతా అద్దానికి ఇటు నేను, అటు ఆయన. తోలు గురించి ఎంత మాట్లాడుకున్నామో, డాక్టరమ్మ మాటల గురించి అంత మాట్లాడుకోలేదు. చల్లారాక కిటికీ దుమ్ము వదిలాను. సూది గంతేసింది. కుళ్లాయప్ప పకపకా నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. నేను పరుగున బయటికొచ్చి వీపు నిమురుతూ నిలబడ్డాను. ఈ తోలుకైతే వేడి పెడితే చాలు, కొత్తదైపోతుంది. ఈ మనిషిని ఏ ఎండకు పెట్టను?

అంతరిక్షంలో కొలిమి సూర్యుడే. నౌకను పక్కకు తిప్పి తోలును ఎండకు పెట్టాలి. అలా తిప్పితే కెమెరా గుండు వైపు చూడలేదు. దగ్గరయ్యే దారిలో తీయాల్సిన బొమ్మలన్నీ పోతాయి. ఈ మాట మరుసటి ఉదయం అందరి ముందూ చెప్పాను. వద్దన్నా వినకుండా కుళ్లాయప్ప నా వెంటే వచ్చి ఒక మూల కుర్చీలో కూర్చున్నాడు.

తిప్పేస్వామి ఎగిరిపడ్డాడు. “తిక్కనాక్కా నీకు? ఈ బొమ్మల కోసరం ఎన్నేండ్ల నుంచి కాసుకోనుండానో నీకు తెలీదా?”

“తెలుసు. అందుకే నీ ముందర అడుగుతాండా, ఎనకాల గాదు.”

అతను నన్ను వదిలేసి కుళ్లాయప్ప దగ్గరికి పోయాడు. “అన్నా, నువ్వు చెప్పు. కాంచితే ఖాయంగా లేస్తాదా?”

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. ఒక్క “ఊఁ” అంటే చాలు, పనైపోతుంది.

“రెండు ముక్కలు కాంచినాం సామీ. ఒకటి లేసింది. ఇంగొకటి సుట్టుకోని పోయింది,” అన్నాడు కుళ్లాయప్ప.

ఆ క్షణాన ఆయన్ని గట్టిగా గిల్లాలనిపించింది. ఆ వెంటనే, ఈయన నా మొగుడు అని ఆ గదిలో అందరికీ మళ్లీ చెప్పాలనిపించింది.

“అక్కడా చుట్టుకుపోతేనో?” అన్నారు సుభద్ర గారు.

“మీరు ఆపే పనుండదు మేడం. నా చేతులతో నేనే సంపుకున్నట్టు,” అన్నాడాయన. “అయినా గమ్మునుండేదాని కంటే అదే మేలు.”

తిప్పేస్వామి చాలాసేపు తన తెర వైపు చూశాడు. గుండు ఇప్పుడు రేగుపండంత అయింది.

“అంటే అన్నా, ఆ దుమ్ము మన ఊరి దుమ్ము మాదిరి ఉండాదనేనా అది నోరు మూసుకోనుండేది?”

“అంతే సామీ.”

“బయటి దేశం నుంచి వచ్చినదానికైతే ఎగిరి గంతేస్తాది?”

“అంతే.”

“దాని పొగరు కూల! మన దుమ్ముకి ఆమాత్రం మర్యాద లేదా?” అన్నాడు తిప్పేస్వామి. “తిప్పండి మేడం. నా బొమ్మలు దాటేటప్పుడు తీసుకుంటాలే.” అని, దగ్గరయ్యే దారిలో తీయాల్సిన బొమ్మల ఆదేశాలన్నీ తనే తన చేత్తో రద్దు చేశాడు. చేసి, ఎవరికీ మొహం చూపించకుండా నీళ్లు తాగడానికి బయటికి పోయాడు. నేనైతే ఆ పని చేసి ఉండేదాన్ని కాదు. నిజమే చెబుతున్నాను.

నౌకను తిప్పారు. ఇక్కడి నుంచి మాట చేరడానికీ, అక్కడి నుంచి బదులు రావడానికీ చాలాసేపు పడుతుంది. తెర మీద మేం చూసేదంతా ఎప్పుడో అయిపోయిన సంగతే. తోలు వేడి మెల్లగా ఎక్కుతోంది. కుళ్లాయప్ప కుర్చీని తెర దగ్గరికి జరుపుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి కూర్చున్నాడు.

“ఇంగ ఓరగా తిప్పండి,” అన్నాడు ఉన్నట్టుండి.

“వేడి ఇంకా సగమే కదండీ ఎక్కింది?” అన్నారు సుభద్ర గారు.

“మనం సగం అని సూస్తాండేటప్పుడు ఆడ ముప్పావు అయిపోయింటాది మేడం. పూర్తిగా ఎక్కినాక తిప్పితే మన మాట పోయేలోపల సుట్టుకుంటాది.”

ఆవిడ మారు మాట్లాడకుండా ఆదేశం పంపించారు. తర్వాత వచ్చిన అంకెల్లో వేడి అంచుదాకా వెళ్లి, అక్కడ ఆగి, వెనక్కి తగ్గడం మొదలుపెట్టింది. అల్లా సామీ అనుకుని గుండెల మీద చేయి వేసుకున్నాను. అది చల్లారాక నౌకను మళ్లీ గుండు వైపు తిప్పారు. పరీక్ష కరెంటు పంపితే, బాగుండానని తోలు ఎప్పటిలాగే బదులిచ్చింది. ఈసారి ఆ మాటను ఎవరూ నమ్మలేదు.

తెర మీద, రేణువు తగిలితే గీత లేచే నల్లటి పట్టీ ఖాళీగా జరుగుతోంది. తిప్పేస్వామి కూడా వచ్చి మా వెనక నిలబడ్డాడు.

పట్టీ మీద సన్నటి పచ్చగీత ఒకటి లేచింది.

“వచ్చిందా?” అన్నాడు కుళ్లాయప్ప, కళ్లజోడు వెతుక్కుంటూ. అది నుదుటి మీదే ఉంది.

ఇంకో గీత. కాసేపు ఏమీ లేదు. ఆపైన రెండు, వెంటనే మరొకటి. చూస్తుండగానే రేకుల కప్పు మీద వాన మొదలైనట్టు గీతలు గీతలుగా లేచాయి. నేను అరిచిన అరుపుకు పక్క గదిలోవాళ్లు పరుగెత్తుకొచ్చారట. నాకు తెలియదు. నిన్న కిటికీ దుమ్ము వదిలినప్పుడు సూది కాగితం మీద గీసిన గీతను తెచ్చి, వాటి పక్కన పెట్టి చూశాను. లేవడం, వంగడం, పడటం అన్నీ ఒకటే. సూర్యుడికి అంత దూరాన, మనిషి కన్ను పడని చోట తిరుగుతున్న బండరాయి దుమ్మూ, మా అరుగు మీద నేను తిట్టుకుంటూ ఊడ్చే దుమ్మూ అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. దాన్ని గుర్తుపట్టింది మా తోలు. గర్వంతో నా ఒళ్లు పొంగిపోయింది. దాచుకోవడం నాకు రాదు, దాచుకోలేదు.

గుండును దాటే వేళకు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఒక్కో పరికరం ఎలా ఉందో, దాని తాలూకు మనిషి మైకులో చెప్పాలి. ఆ మాట రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది. ఒక్క వాక్యమే చెప్పాలి. తడబడినా, ఆగినా, వాళ్లను వదిలేసి తర్వాతివాళ్ల దగ్గరికి పోవాలి. ఆ క్షణాల్లో ఎవరి కోసమూ ఎవరూ ఆగరు. సుభద్ర గారు ఈ విషయంలో ఎంత నిక్కచ్చి అంటే, ఒకసారి రిహార్సల్లో తుమ్మినందుకు నన్నే దాటేసి పోయారు.

“ధూళి పొర?” అని ఆవిడ గొంతు వినిపించింది.

అది నేను చెప్పాల్సిన మాట. మైకును కుళ్లాయప్ప ముందుకు జరిపాను. ఆయన వద్దన్నట్టు తల ఊపాడు. నేను గుడ్లురిమాను. ఆయన ముందుకు వంగాడు.

“ధూళి పొర...” అన్నాడు. అంతలో దగ్గు తెర కమ్ముకుంది. ఒకటి, దాని మీద ఒకటి. మైకు తెరిచే ఉంది. ఆ దగ్గు గది గదిలోకీ పోతోంది. నేను వీపు మీద చేయి వేస్తే, వద్దు అన్నట్టు నెట్టేశాడు. బల్ల అంచు పట్టుకుని ఊపిరి కోసం పెనుగులాడుతున్నాడు.

తర్వాతి పేరు కెమెరా. తిప్పేస్వామి వేలు తన మైకు మీట మీద ఉంది. గుండు అతని తెర నిండా ఉంది. అతను మీట నొక్కలేదు. సుభద్ర గారు తర్వాతి పేరు పిలవలేదు. అంతమంది ఉన్న చోట ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. అందరూ ఆయన దగ్గు ఆగేదాకా ఆగారు.

కుళ్లాయప్ప వెన్ను నిటారుగా చేసి కూర్చున్నాడు. చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పాడు.

“ధూళి పొర... ఆరోగ్యంగా ఉంది.”

“విన్నాం కుళ్లాయప్ప గారూ,” అన్నారు సుభద్ర గారు. “ఇక దాన్ని ఆపేది లేదు.”